చెరువులో ఎన్ని లారీల నీళ్ళు?

శోళవరం చెరువు గట్టు పక్కగా బస్సులో పోయేటప్పుడు మీలో ఎవరికైనా ఈ సందేహం కలిగిందా? ఈ చెరువు నిండా నీళ్ళుంటే అవి ఎన్ని లారీలకు సరిపోతాయి? ఒక్క ఈ చెరువు నీళ్ళే తాగితే మదరాసు నగరానికి ఎన్నాళ్ళు వస్తాయి?

పనీ పాటా లేనివాళ్ళు అడిగే ప్రశ్న అనుకోకండి. సరిగ్గా ఇలాంటి ప్రశ్న అడిగి, జవాబు చెప్పే తీరు నచ్చితే పెద్ద జీతంతో ఉద్యోగం ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. వాటిని కన్సల్టింగ్ కంపెనీలు అంటారు. వ్యాపారం నడిపేవాళ్ళకు వ్యాపారం ఎలా నడపాలో సలహా చెప్పి ఫీజు పుచ్చుకోవడం వాటి వృత్తి. వినడానికి కాస్త విడ్డూరంగానే ఉంటుంది, కానీ డాక్టరు దగ్గరికీ ప్లీడరు దగ్గరికీ మనం వెళ్ళడం లేదూ, ఇదీ అలాంటిదే. ఆ కంపెనీల్లో చేరాలంటే మామూలు ప్రశ్నలకు జవాబు చెబితే చాలదు. ఒక సమస్యను ఎదురుగా పెట్టి, 'మీరైతే ఏం చేస్తారు?' అని అడుగుతారు. దాన్నే కేసు ఇంటర్వ్యూ అంటున్నారు. ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది, మన సరిహద్దు జిల్లాల పిల్లలకు ఇది ఎందుకు కొరకరాని కొయ్యగా కనిపిస్తోంది అన్నవి ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందు చెరువు లెక్క పూర్తి చేద్దాం. శోళవరం చెరువు నిండితే పట్టే నీరు 1,081 మిలియన్ ఘనపుటడుగులు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 108 కోట్ల ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. గుణిస్తే చిల్లర వదిలేసి 3,000 కోట్ల లీటర్లు. వీధుల్లో తిరిగే పెద్ద నీళ్ళ లారీకి 12,000 లీటర్లు పడతాయి అనుకుందాం. భాగిస్తే 25 లక్షల లారీలు. ఇక రెండో ప్రశ్న. నగరంలో 80 లక్షల మంది ఉన్నారనీ, మనిషికి రోజుకు 100 లీటర్లు కావాలనీ అనుకుంటే రోజుకు 80 కోట్ల లీటర్లు. అంటే చెరువు 37 రోజులకు వస్తుంది.

అడిగినవారికి ఈ 25 లక్షలూ 37 రోజులూ అనే అంకెల మీద పెద్ద మమకారం ఉండదు. మరొకరు లారీకి 9,000 లీటర్లే అనుకుంటే అంకె మారుతుంది, అదీ ఒప్పే. 'మనిషికి 100 లీటర్లు అని ఎందుకు అనుకున్నారు?' అని అడిగినప్పుడు ఆధారం చెప్పగలగాలి. తాగడానికి ఇంత, స్నానానికి ఇంత, బట్టలకు ఇంత అని లెక్క చూపించాలి. అమెరికాలో శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ తన విద్యార్థులకు ఇలాంటి అంచనా లెక్కలే ఇచ్చేవారట. చికాగో నగరంలో పియానోలు శ్రుతి చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు అన్నది ఆయన పేరు మీద ప్రసిద్ధికెక్కిన ప్రశ్న.

ఇంకాస్త తెలివైన అభ్యర్థి అక్కడ ఆగడు. 'అయ్యా, శోళవరం చెరువు ఒంటరి చెరువు కాదు. తామరైపాక్కం ఆనకట్ట దగ్గర కుశస్థలి నీళ్ళు మళ్ళిస్తే ఇక్కడికి వస్తాయి, ఇక్కడి నుంచి రెడ్‌హిల్స్ చెరువుకు పోతాయి. 1996 నుంచి తెలుగు గంగ కాలువలో కృష్ణా నీళ్ళు కూడా పూండికి వస్తున్నాయి. కాబట్టి ఒక్క చెరువునే పట్టుకుని 37 రోజులు అంటే నగరం సంగతి తేలదు' అంటాడు. ప్రశ్నకు జవాబు చెబుతూనే ప్రశ్నలోని లోటును మర్యాదగా చూపించడం అన్నమాట. ఇంటర్వ్యూ చేసేవారి ముఖంలో చిరునవ్వు కనిపించేది అప్పుడే.

ఈ పద్ధతి మనకు బొత్తిగా కొత్తదా అంటే నేను ఒప్పుకోను. చందమామ చదివి పెరిగినవాళ్ళం మనం. 1947లో మదరాసులో పుట్టిన ఆ పత్రికను తెలుగు ఇళ్ళలో చందమామగానూ, పక్కింటి తమిళుల ఇళ్ళలో అంబులిమామగానూ చదివేవారు. అందులో భేతాళ కథ ఎలా సాగుతుందో గుర్తు తెచ్చుకోండి. విక్రమార్కుడి భుజం మీద శవం. శవంలోని భేతాళుడు శ్రమ తెలియకుండా ఒక కథ చెబుతాడు. కథ చివర ఒక చిక్కు ముడి. ఆ ముగ్గురిలో ఎవరిది తప్పు, ఎవరిది ఎక్కువ త్యాగం అని ప్రశ్న. తెలిసి కూడా నోరు విప్పకపోతే తల పగులుతుందని బెదిరింపు. రాజు ఒట్టి తీర్పు చెప్పి ఊరుకోడు, ఫలానా కారణం వల్ల ఫలానా అని వివరంగా చెబుతాడు. ఒక సమాచారం, ఒక ప్రశ్న, కారణాలతో కూడిన జవాబు. కేసు ఇంటర్వ్యూ స్వరూపం అంతా ఇందులో ఉంది. తేడా అల్లా, అక్కడ జవాబు చెప్పగానే భేతాళుడు చెట్టెక్కుతాడు, ఇక్కడ రెండో రౌండుకు పిలుపు వస్తుంది.

కథల మాట అలా ఉంచి, చరిత్రలో ఇలాంటి పరీక్ష మన దగ్గర ఎక్కడ జరిగిందో చూద్దాం. నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు అని ఉంది. ఆ పేరు వచ్చింది 1812లో మొదలైన సెయింట్ జార్జి కోట కాలేజీ వల్ల. ఇంగ్లండు నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చిన కుర్రవాళ్ళకు దేశభాషలు నేర్పడానికి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ పూనికతో పెట్టిన కాలేజీ అది. పరీక్ష నెగ్గితే జీతం పెరిగేది. 1817లో మదరాసులో దిగిన సి. పి. బ్రౌను అక్కడే వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర తెలుగు మొదలుపెట్టారు. చూడండి, ఆనాడు ఉద్యోగం కోసం తడబడుతూ తెలుగులో మాట్లాడవలసింది దొర, సరిదిద్దవలసింది మన పంతులుగారు!

ఆ కుర్రవాళ్ళు రేపు తాలూకా కచేరీలో కూర్చోవాలి. రైతు అర్జీ తెస్తాడు, కరణం ఒకటి చెబుతాడు, మణేగాడు ఇంకొకటి చెబుతాడు. అక్కడ వ్యాకరణ సూత్రం అక్కరకు రాదు, ఎవరి మాటలో పస ఉందో తేల్చుకోవాలి. అందుకే బ్రౌను తరువాతి కాలంలో, 1850లలో, గ్రామ వ్యవహారాల మీద వాదోపవాదాల పుస్తకం ఒకటి తెలుగులో అచ్చు వేయించారు. ఊళ్ళో తగాదాను ఉన్నది ఉన్నట్టుగా పెట్టి, దాని ద్వారా భాషనూ వ్యవహారాన్నీ ఒకేసారి నేర్పడం. దాన్ని కేసు అని ఆనాడు ఎవరూ అనలేదు. కానీ పని అదే.

కేసు అనే పేరుతో ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నది అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం. 1870లో అక్కడి న్యాయ కళాశాలకు క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ అనే ఆయన డీను అయ్యారు. (పేరు చూసి నావికుడు అనుకునేరు, ఆయన లాయరు.) అంతకు ముందు మాస్టారు ఉపన్యాసం చెప్పడం, విద్యార్థులు రాసుకోవడం. ఈయన అది మాని, కోర్టుల్లో నిజంగా జరిగిన దావాల తీర్పులు ముందు పెట్టి, 'వాది ఏమన్నాడు? జడ్జి ఎందుకు ఒప్పుకోలేదు? మీరైతే ఒప్పుకుంటారా?' అని క్లాసులో నిలబెట్టి అడగడం మొదలుపెట్టారు. మొదట్లో విద్యార్థులు గోల పెట్టారు, క్లాసులు మానేశారు. కొన్నేళ్ళకు దేశమంతా ఆయన దారికే వచ్చింది.

అదే హార్వర్డ్‌లో 1908లో వ్యాపార కళాశాల పెట్టారు. వ్యాపారానికి కోర్టు తీర్పులు ఉండవు గదా, మరి కేసులు ఎక్కడ నుంచి తెస్తారు? 1919లో డీనుగా వచ్చిన వాలెస్ డానమ్ స్వయంగా న్యాయశాస్త్రం చదివినవాడు. మనుషులను ఫ్యాక్టరీలకు పంపించి, అక్కడి చిక్కులు రాయించుకు రమ్మన్నారు. అలా 1921లో తయారైన మొదటి కేసు పేరు జనరల్ షూ కంపెనీ. చెప్పుల ఫ్యాక్టరీలో కూలీలు గంట కొట్టడానికి 45 నిమిషాలు ముందుగానే పని ఆపేస్తున్నారు, ఎందుకో కనిపెట్టండి అన్నది సమస్య. కేసు మొత్తం ఒక్క పేజీ. జవాబు వెనక పేజీలో ఉండదు. ఉండదు కాబట్టే విద్యార్థి ఆలోచించాలి.

క్లాసు గదిలోని ఈ ప్రశ్న ఉద్యోగం ఇచ్చే గదిలోకి ఎలా నడిచివచ్చింది? ఇది కథలో ముఖ్యమైన మలుపు. చికాగోలో అకౌంట్లు బోధించే ప్రొఫెసరు జేమ్స్ మెకిన్సీ 1926లో తన పేరుతో ఒక సలహా సంస్థ పెట్టారు. ఆయన 1937లో పోయారు. తరువాత ఆ సంస్థకు రూపు దిద్దిన మనిషి మార్విన్ బోవర్. ఈయన హార్వర్డ్‌లో లా చదివారు, బిజినెస్సూ చదివారు. అంతవరకు సలహా చెప్పడానికి తల నెరిసినవాళ్ళను, ఫలానా మిల్లులో ఇరవై ఏళ్ళు మేనేజరుగా చేసినవాళ్ళను తీసుకునేవారు. బోవర్ 1953 నుంచి ఆ పద్ధతి తిరగేసి, అప్పుడే వ్యాపార కళాశాల నుంచి బయటపడిన పాతికేళ్ళ వాళ్ళను తీసుకోసాగారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఇరవై ఏళ్ళు మిల్లు నడిపిన మనిషిని 'మీరేం చేశారు?' అని అడిగితే చాలు. పాతికేళ్ళ కుర్రవాడు ఇంకా ఏమీ చేయలేదు గదా, అతన్ని ఏమని అడుగుతారు? చేసిన పని చూడలేనప్పుడు, ఆలోచన సాగే తీరును కళ్ళెదుట చూడవలసిందే. అడిగేవారూ జవాబు చెప్పేవారూ ఇద్దరూ అదే కేసుల క్లాసులో కూర్చుని వచ్చినవాళ్ళే కాబట్టి, క్లాసు ప్రశ్నే ఇంటర్వ్యూ ప్రశ్న అయింది. తరువాత 1963లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్, 1973లో బెయిన్ కంపెనీ వచ్చాయి. మూడు సంస్థలూ ఒకే తరహా పిల్లల కోసం పోటీ పడ్డాయి. 1990ల నాటికి కేసు ఇంటర్వ్యూ ఈ వృత్తిలో ఆనవాయితీ అయిపోయింది. మెకిన్సీలో ఎక్కువగా అడిగేవారే ప్రశ్న వెంట ప్రశ్న వేసి నడిపిస్తారు, తక్కిన రెండింటిలో అభ్యర్థే ముందు నడవాలి అని చెప్పుకుంటారు.

ఆ రోజుల్లోనే, 1963లో, మెకిన్సీలో చేరిన బార్బరా మింటో అనే ఆమె ఆలోచనను కుప్పలు పోసుకోవడానికి ఒక సూత్రం చెప్పారు. సమస్యను ముక్కలు చేసేటప్పుడు ఒక ముక్క ఇంకొక ముక్కలో కలిసిపోకూడదు, అన్ని ముక్కలూ కలిపితే ఏదీ మిగిలిపోకూడదు. మన ఇళ్ళలో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు పెద్దమనుషులు చూసేది ఇదే. ఒక చెక్క ఇద్దరి పేరునా రాయకూడదు, ఏ గట్టూ ఎవరికీ రాయకుండా వదలకూడదు. ఈ ఉపమానం పట్టుకుంటే ఆ సూత్రానికి వాళ్ళు పెట్టిన నోరు తిరగని ఇంగ్లీషు పేరు కంఠతా పట్టనక్కర్లేదు.

మన దేశానికి ఈ గాలి రెండు దారుల్లో వచ్చింది. ఒక దారి మన హైదరాబాదుదే. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి బెల్లా విస్టా అనే రాజభవనం ఇచ్చారు. మొదటి ప్రిన్సిపాలు విశ్రాంత సేనాపతి జనరల్ శ్రీనగేశ్. ఇంగ్లండులోని హెన్లీ కాలేజీ నమూనాలో, ప్రభుత్వ అధికారులనూ కంపెనీ మేనేజర్లనూ చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టి, ఒక సమస్య ఇచ్చి, వాదించుకుని తేల్చమనేవారు. రెండో దారి అహమ్మదాబాదు. అక్కడ 1961లో విక్రమ్ సారాభాయి వంటివారి పూనికతో, హార్వర్డ్ వ్యాపార కళాశాల సహకారంతో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ వచ్చింది. కేసు చదువు దానికి ప్రాణం అయింది. 1991లో మన పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉండగా ఆర్థిక విధానం మారింది. ఆ దశాబ్దంలోనే విదేశీ సలహా సంస్థలు ఇక్కడ ఆఫీసులు తెరిచాయి. 2001లో హైదరాబాదు గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మొదలైంది. దాని స్థాపనలో ముందు నిలిచిన రజత్ గుప్తా అప్పట్లో మెకిన్సీకి అధిపతి. కన్సల్టింగ్ లోకం తన పిల్లలను తానే తయారు చేసుకునే బడి తెలుగుగడ్డ మీద వెలిసిందన్నమాట.

మీకు ఇంకా దగ్గరిది చెబుతాను. శోళవరం ముందు నుంచి పోయే కలకత్తా రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతే, గుమ్మిడిపూండి దాటి, తడ దగ్గర శ్రీసిటీ వస్తుంది. 1970లో మదరాసులో పుట్టిన ఐ.ఎఫ్.ఎం.ఆర్. అనే వ్యాపార విద్యాసంస్థ ఇప్పుడు అక్కడి క్రియా విశ్వవిద్యాలయంలో భాగం. బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. దూరం మైళ్ళలో లేదు.

ఇప్పుడు ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. బొంబాయి విమానాల కంపెనీ ఎందుకు, మన పక్కనున్న రెడ్‌హిల్స్ బియ్యం మిల్లునే తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, ఏ మిల్లువీ కావు.

అడిగే ఆయన అంటారు: 'ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. పోయిన ఏడు 45 లక్షలు లాభం. ఈ ఏడు 25 లక్షలే. ఎందుకు?'

తొందరపడేవాళ్ళు వెంటనే 'కరెంటు చార్జీలు పెరిగి ఉంటాయండీ' అంటారు. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. చీకట్లో రాయి విసిరినట్టు. అలవాటైన అభ్యర్థి ముందు ప్రశ్నను తన మాటల్లో తిరిగి చెబుతుంది. 'లాభం 20 లక్షలు తగ్గింది. మిల్లు ఒక్కటేనా? కొత్తగా మిషన్లు ఏమైనా కొన్నారా?' అని అనుమానం తీర్చుకుంటుంది. తరువాత, 'ఒక్క నిమిషం రాసుకుంటాను సార్' అంటుంది. ఆ నిమిషం అడగడం తప్పు కాదు, అడగకపోవడమే తొందరపాటు. కాగితం మీద రెండు కొమ్మలు గీస్తుంది. ఒకటి రాబడి, ఒకటి ఖర్చు. రాబడి కింద బియ్యం, నూక, తవుడు, ఊక. ఒక్కొక్కదానికీ ఎంత అమ్మారు, ఏ ధరకు అమ్మారు. ఖర్చు కింద వడ్ల కొనుగోలు, కూలి, కరెంటు, లారీ బాడుగ, బ్యాంకు వడ్డీ. పైన చెప్పిన అన్నదమ్ముల భాగాల సూత్రం ఇదే. పాలు అన్నీ వేరుగా ఉన్నాయి, ఏదీ మిగల్లేదు.

ఇక ఒక్కొక్క కొమ్మా తట్టి చూస్తుంది. 'వడ్ల ధర మారిందా?' లేదు. 'ఎన్ని టన్నులు ఆడించారు?' పోయిన ఏడూ ఈ ఏడూ 10,000 టన్నులే. 'బియ్యం ధర?' అదే, కిలో 40 రూపాయలు. 'కూలి, కరెంటు?' పెద్ద తేడా లేదు. అయితే మిగిలింది ఒకటే. 'నూరు కిలోల వడ్లకు ఎంత బియ్యం దిగుతోంది సార్?' పోయిన ఏడు 66 కిలోలు, ఈ ఏడు 65.

ఒక్క కిలోనే గదా అని తీసిపారేస్తే పోయినట్టే. 10,000 టన్నుల్లో నూటికి ఒకటి అంటే 100 టన్నులు, అంటే లక్ష కిలోలు. కిలో 40 చొప్పున 40 లక్షలు. కానీ పోయింది 20 లక్షలే గదా, లెక్క కుదరలేదు. ఇక్కడ కాసేపు నిలబడాలి. ఆ లక్ష కిలోలూ గాల్లో కలిసిపోలేదు, విరిగి నూకలో పడ్డాయి. నూక కిలో 20 రూపాయలకు అమ్ముడుపోయింది. 40 లక్షల్లో 20 లక్షలు తిరిగి వచ్చాయి. నికరంగా పోయింది 20 లక్షలు. కుదిరింది!

ఇంతవరకు లెక్క. ఇకపైన లోకజ్ఞానం. గింజ ఎందుకు విరుగుతోంది? అన్ని ఊళ్ళ వడ్లూ విరుగుతున్నాయా, ఒక ఊరివేనా అని అడగాలి. ఒకచోటి వడ్లే అయితే సరుకులో తేమ తేడా. అన్నీ విరుగుతుంటే మిల్లులోనే లోపం. 'అన్నీనూ, వేసవి నుంచి' అని జవాబు వస్తే, పుస్తకం చదివి వచ్చిన పిల్లవాడు మిషను అరిగిందంటాడు, రబ్బరు రోలర్లు మార్చమంటాడు. రెడ్‌హిల్స్ పక్కన పెరిగిన పిల్ల ఇంకొక మాట అంటుంది. 'ఉడికించిన వడ్లను కళ్ళంలో ఎలా ఆరబెడుతున్నారు సార్? ఎండ ముదిరి గబగబా ఆరితే గింజ లోపల నెర్రెలిస్తుంది. మిల్లులో పడగానే విరుగుతుంది.' ఈ మాట హార్వర్డ్‌లో నేర్పరు. వాళ్ళ అమ్మమ్మ కళ్ళంలో కాళ్ళతో వడ్లు తిప్పుతుంటే చూసి నేర్చుకున్నది. చివరికి ఆమె సలహా ఇలా ఉంటుంది: ముందు ఖర్చు లేని పని చేయండి, పది రోజులు వడ్లు నీడపట్టున నెమ్మదిగా ఆరబెట్టి దిగుబడి చూడండి. మారకపోతే అప్పుడు రోలర్లు మార్చండి.

చూశారా, ఇందులో సామాన్యుడికి అందనిది ఏముంది? అయినా మన ప్రాంతాల పిల్లలు ఇలాంటి ఇంటర్వ్యూల్లో నెగ్గడం అరుదు. దానికి కారణం తెలివితక్కువ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. లారెన్ రివేరా అనే అమెరికన్ ఆచార్యురాలు ఇలాంటి పెద్ద కంపెనీల్లో ఉద్యోగ నియామకాలు ఎలా జరుగుతాయో దగ్గరుండి చూసి, 2015లో పెడిగ్రీ అనే పుస్తకం రాశారు. ఆ కంపెనీలు కొన్ని ఎంపిక చేసిన కాలేజీల గుమ్మాలే తొక్కుతాయి. ఆ కాలేజీల పిల్లలకు సీనియర్లు, ఆ కంపెనీల మనుషులే కూడా, ముందుగా తర్ఫీదు ఇస్తారు. తక్కినవాళ్ళు ఈ ఆటను మొట్టమొదటిసారి చూసేది ఆడవలసిన రోజునే. కబడ్డీ నియమాలు తెలియని వాణ్ణి కోర్టులోకి తోసి, కూత పెట్టలేదని అవుట్ అన్నట్టు ఉంటుంది.

పద్ధతి మీద విమర్శలు ఇంకా ఉన్నాయి. బస్సులో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి వంటి చిలిపి ప్రశ్నలు గూగుల్ కంపెనీ కూడా ఒకప్పుడు అడిగేది. వాటి వల్ల ఒరిగిందేమీ లేదని, అడిగేవాడికి తాను తెలివైనవాణ్ణన్న తృప్తి తప్ప మిగిలింది లేదని ఆ కంపెనీ సిబ్బంది వ్యవహారాల అధిపతి లాజ్లో బాక్ 2013లో బాహాటంగానే చెప్పారు. మిల్లు కేసును నేను ఆ గాటన కట్టను. ఉద్యోగంలో చేరాక చేయవలసిన పనికి అది నమూనా. వంటమనిషిని పెట్టుకునేముందు ఒక పూట వంట చేయించి చూడడం అన్యాయం కాదు. పొయ్యి ఎలా వెలిగించాలో కొందరికే ముందుగా చెప్పడం అన్యాయం.

ఇక భాష సంగతి. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు శ్రోతలకు ఇది వివరించనక్కర్లేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. తాతగారు తెలుగు బడిలో చదివారు, తండ్రి తమిళంలో చదివారు, మనుమరాలు ఇంగ్లీషులో చదువుతోంది. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక తెలుగు ఇంటి భాషగా మరింత కుదించుకుపోయింది. ఇలాంటి పిల్ల ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు లోపల ఆలోచన ఒక భాషలో, పైకి మాట మరొక భాషలో. కేసు ఇంటర్వ్యూలో మౌనంగా ఆలోచించి చివర జవాబు చెబితే మార్కులు లేవు. ఆలోచన సాగుతుండగానే బయటికి వినిపించాలి. మూడు భాషల ఇంట్లో పెరిగినవాళ్ళకు గొంతు పట్టేసేది అక్కడే.

దీనికి మందు ఉంది, ఖర్చు లేనిది. ఇద్దరు కూర్చోండి. మొదటి పది కేసులూ తెలుగులోనే చేయండి. అక్కయ్య అడుగుతుంది, తమ్ముడు చెబుతాడు, మరునాడు తారుమారు. పొన్నేరి సంతలో కూరగాయల కొట్టు ఎందుకు నష్టపోతోంది, ఊత్తుకోట్టై బస్సు ఖాళీగా ఎందుకు పోతోంది, వీధి చివర పాల బూతులో రోజుకు ఎన్ని ప్యాకెట్లు అమ్ముతారు. అడిగేవారు మధ్యలో ఊరికే తల ఊపకూడదు, 'ఎందుకు?' అని ప్రతి మాటకూ అడ్డం పడాలి. చెప్పేవారు కొమ్మలు గీసి, గీసింది పైకి చదవాలి. ఆలోచన దారిలో పడ్డాక అదే కేసును ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాలి. అప్పుడు వెతుక్కోవలసింది మాట ఒక్కటే, ఆలోచన అప్పటికే చేతిలో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పి సెలవు తీసుకుంటాను. మనం లక్షల్లో కోట్లలో లెక్కపెడతాం, ఆ గదుల్లో తరచు మిలియన్లలో బిలియన్లలో అడుగుతారు. పది లక్షలైతే ఒక మిలియన్, నూరు కోట్లైతే ఒక బిలియన్. లెక్క మన పద్ధతిలో పూర్తిగా కట్టి, చివర ఒక్కసారే మార్చుకోండి. నడుమ నడుమ మార్చబోతే ఒక సున్నా ఎక్కడో జారిపోతుంది. శోళవరం చెరువులోని 3,000 కోట్ల లీటర్లు 30 బిలియన్ లీటర్లు.